చెన్నై తంబుచెట్టి వీధి నుంచి: గొంతు అద్దెకిచ్చారా, అమ్మేశారా?

ఈ నెల పదకొండు ఉత్తరాలొచ్చాయి. చేసిన పని మీద హక్కు ఎవరిదన్న తగాదాలు నాలుగే తీసుకున్నాను. నాలుగూ వేర్వేరు వృత్తులవాళ్లు రాసినవే గానీ, లాయరుగా నా దగ్గరికొచ్చిన కక్షిదారుని కుర్చీలో కూర్చోబెట్టి అడిగే మొదటి ప్రశ్న అందరికీ ఒకటే: జీతానికి చేశారా, పనికి ఇంతని బేరానికి చేశారా? పొలం గట్ల తగాదాలు రాసి పంపినవారికి ఒక మనవి. ఆ శీర్షిక ఇది కాదు, పక్క పేజీ చూడండి.

ప్రశ్న: పద్నాలుగేళ్లుగా తెలుగు సీరియళ్లకు డబ్బింగ్ చెప్తున్నాను. పుట్టిల్లు రాజమండ్రి దగ్గర, ఇప్పుడు సాలిగ్రామంలో ఉంటున్నాం. ఇన్నాళ్లూ వోచరు మీద సంతకం పెట్టి డబ్బు తీసుకునేదాన్ని. పోయిన నెల ఒక స్టూడియోలో నాలుగు పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటు చేతిలో పెట్టి, సంతకం చేశాకే మైకు ముందుకు రమ్మన్నారు. ఇంటికి తెచ్చుకున్నాను. మా అబ్బాయి చదివి, మూడో పేజీలో నా గొంతును ఏఐకి నేర్పడానికి, దాన్నుంచి కొత్త మాటలు పుట్టించడానికి కూడా వాడుకోవచ్చని ఉందన్నాడు. కోఆర్డినేటర్‌ని అడిగితే "అందరూ పెట్టేశారమ్మా, మీకొక్కరికే అనుమానాలు" అంటున్నాడు. పెట్టకపోతే పని పోతుందేమోనని భయంగా ఉంది. — పేరు వద్దన్న సోదరి, సాలిగ్రామం

జవాబు: మీ అబ్బాయికి నా తరఫున ఒక మంచి ఫిల్టర్ కాఫీ ఇవ్వండమ్మా. మూడో పేజీ దాకా చదివేవాళ్లు లాయర్లలోనే తక్కువ.

ఆ వాక్యాన్ని వాళ్లు ఊరికే రాయలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు 18వ సెక్షన్‌లో ఒక షరతు చేర్చారు. హక్కులు రాసిచ్చేనాటికి పుట్టని మాధ్యమానికి గానీ, పుట్టినా వ్యాపారంలో వాడకానికి రాని మాధ్యమానికి గానీ ఆ రాత వర్తించదు. వర్తించాలంటే ఆ మాధ్యమం పేరెత్తి మరీ రాయాలి. ఇదే షరతు 39ఎ సెక్షన్ ద్వారా ప్రదర్శకులకూ వస్తుంది. మీ పాత వోచర్లలో ఏఐ ఊసే ఉండదు కాబట్టి, వాటిని పట్టుకుని మీ పాత ఎపిసోడ్లను యంత్రానికి మేతగా వేస్తామంటే గట్టిగా అడ్డుకోవచ్చు. అందుకే ఇప్పుడు కొత్త కాగితం తెచ్చారు. ఆ వాక్యం లేకపోతే తమకు చిక్కు అని వాళ్లకు తెలుసు. మీరు దాన్ని కొట్టేస్తే పోయేదేమిటో కూడా తెలుసు.

డబ్బింగ్ చెప్పేవాళ్లు చట్టం దృష్టిలో ప్రదర్శకులేనా అని మీకు సందేహం రావచ్చు. చట్టంలోని జాబితా చదివితే సరదాగా ఉంటుంది. నటుడు, గాయకుడు, నర్తకుడు, గారడీవాడు, ఆఖరికి పాములవాడు కూడా ఉన్నాడు. డబ్బింగ్ ఆర్టిస్టు అన్న మాట మాత్రం లేదు. అయితే చివర్న "ప్రదర్శన ఇచ్చే మరెవరైనా" అని ఉంది. మీరు అందులోకి వస్తారు. మెలిక ఇంకోచోట ఉంది. సినిమాలో ఏదో కాసేపు కనబడి లేదా వినబడి పోయేవారికి, పరిశ్రమ వాడుక ప్రకారం టైటిల్స్‌లో పేరు కూడా వేయనివారికి, ప్రదర్శకుల హక్కుల్లో చాలావరకు దక్కవు. పద్నాలుగేళ్లు కథానాయికలకు గొంతిచ్చినావిడను "కాసేపు వినబడి పోయే మనిషి" అనడం కష్టమే. అయినా ఆ వాదనకు తావివ్వకండి. అగ్రిమెంటులో టైటిల్ కార్డు గురించి ఒక లైను రాయించుకోండి. పేరు వేయించుకోవడం ముచ్చట కోసం అనుకుంటారు చాలామంది. మీ విషయంలో అది ఆధారం.

పేరు సంగతి ఎత్తాను కాబట్టి నా సొంత గోడు ఒకటి. ఇక్కడే లా కాలేజీలో చదివే రోజుల్లో, ఒక ప్రచురణకర్త కోసం అద్దెచట్టం మీద చిన్న పుస్తకాన్ని తెలుగు చేశాను. 3,000 రూపాయలిచ్చి, "సర్వహక్కులూ మావే" అన్న కాగితం మీద సంతకం తీసుకున్నారు. మొదటి ముద్రణలో నా పేరుంది. రెండోదాంట్లో లేదు. అమ్మేసుకున్నాను కదా, ఇక నోరెత్తడానికి లేదనుకుని రెండు నెలలు మథనపడ్డాను. మా సీనియర్‌గారికి చెబితే ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండా "యాభై ఏడు చదివావా?" అన్నారు. అంతకు నెల ముందే ఆ సెక్షన్ మీద పరీక్ష రాసొచ్చాను! హక్కులన్నీ అమ్ముకున్నా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుందని ఆ 57వ సెక్షన్ చెబుతుంది. ఒక ఉత్తరం రాస్తే మూడో ముద్రణలో పేరొచ్చింది. అక్షరం తప్పుతో వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. మీలాంటివారికి ఇదే హక్కు 38బి సెక్షన్‌లో ఉంది.

ఇక ప్రముఖుల కేసులు చూసి ధైర్యపడవద్దని కూడా చెప్పాలి. రజనీకాంత్ పేరు, రూపు, డైలాగు చెప్పే తీరు ఆయన అనుమతి లేకుండా వాడకూడదని మన మద్రాసు హైకోర్టు 2015లో ఆపింది. అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించడాన్ని బాంబే హైకోర్టు 2024లో అడ్డుకుంది. బాలుగారి గొంతును ఆయన పోయాక యంత్రంతో పలికించారంటూ ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపిందీ ఆ ఏడాదే. వీళ్లందరి గొంతూ వినగానే మనిషి గుర్తొస్తాడు. మీ గొంతు రాత్రి ఏడున్నరకు లక్ష ఇళ్లలో వినబడుతుంది, గుర్తొచ్చేది మాత్రం తెరమీది అమ్మాయి. వాళ్ల కేసుకు వాళ్ల కీర్తే సగం సాక్ష్యం. మీకు కాగితమే సాక్ష్యం.

కాబట్టి చేయవలసింది ఇది. మూడో పేజీలో ఆ వాక్యాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేయండి. పక్కన మార్జిన్‌లో తెలుగులోనే "ఈ రికార్డింగు ఈ సీరియల్ ప్రసారానికి మాత్రమే, ఏఐ శిక్షణకు, గొంతు అనుకరణకు నా అనుమతి లేదు" అని రాసి సంతకం పెట్టండి. వాళ్ల మనిషి చేత కూడా అక్కడే పెట్టించండి. తెలుగులో రాస్తే చెల్లదన్న నియమమేదీ లేదు. నాలుగు పేజీలకూ ఫోనులో ఫొటో తీసుకోండి. గడువు ఎంతని రాశారో కూడా చూడండి. ఖాళీగా వదిలేస్తే చట్టం దాన్ని అయిదేళ్లుగానూ, దేశం వరకేగానూ లెక్కేస్తుంది. అది మీకు మంచిదే, గుర్తుచేయకండి. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంటే అప్పుడు రేటు గురించి మాట్లాడాలి.

పని పోతుందా అంటే, పోవచ్చు. లేదని అబద్ధం చెప్పలేను. అయితే మీరొక్కరే కొట్టేసి ఇస్తే పేచీకోరు అంటారు. మీతో పాటు ఇంకో అయిదారుగురు అదే వాక్యాన్ని కొట్టేసి ఇస్తే, స్టూడియోవాళ్లు అగ్రిమెంటు మళ్లీ టైపు చేయించుకొస్తారు. మీకు యూనియన్ ఉంది కదా, కార్డు ఏటా రెన్యువల్ చేయించుకునేది ఇలాంటి రోజు కోసమే.

ప్రశ్న: మాది కావలి. విల్లివాక్కంలో పచ్చళ్లు, పొడుల కొట్టు పెట్టి తొమ్మిదేళ్లయింది. కొట్టుకు మా నాయనమ్మ పేరు పెట్టుకున్నాం. రోకలి పట్టుకున్న చిలుక మా లోగో. ఒక కుర్రాడు 6,000 రూపాయలకు గీసిచ్చాడు. మాటామంతీ అంతా వాట్సాప్‌లోనే. ఇప్పుడు తాంబరంలో ఒక కేటరింగ్ ఆయన వ్యాన్ మీద మా చిలుకే ఉంది, రోకలి బదులు నోట్లో మిరపకాయ! కుర్రాణ్ని నిలదీస్తే "నా డిజైన్ సార్, నా ఇష్టం" అంటున్నాడు. డబ్బిచ్చింది నేనైతే బొమ్మ వాడిదెలా అవుతుంది? — ఎస్., విల్లివాక్కం

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ కుర్రాడు చెప్పినదాంట్లో సగం నిజముందండీ.

ఆ కుర్రాడు మీ కొట్టులో నెలజీతానికి పనిచేస్తూ గీసి ఉంటే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ బొమ్మకు మొదటి యజమాని మీరే. 17వ సెక్షన్ అలా చెబుతుంది. కానీ అతను బేరానికి గీశాడు. బేరానికి చేసినదాంట్లో కాపీరైట్ మామూలుగా గీసినవాడి దగ్గరే ఉంటుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగ్, తీయించుకున్న సినిమా లాంటి కొన్నింటికి మాత్రం డబ్బిచ్చినవారే యజమాని. కంప్యూటర్‌లో గీసిన చిలుక పెయింటింగ్ కిందికి వస్తుందా? నేను కోర్టులో వస్తుందని ఒక పూట వాదించగలను. అవతలి లాయరు రాదని ఇంకో పూట వాదిస్తాడు. ఆ రెండు పూటల మీద మీ కొట్టు భవిష్యత్తు పెట్టకండి.

కుర్రాడితో తగువు మానేసి, కూర్చోబెట్టి టిఫిన్ పెట్టించి, ఇంకో రెండు మూడు వేలిచ్చి కాపీరైట్ బదిలీ పత్రం రాయించుకోండి. కాపీరైట్ నోటిమాటతో చేతులు మారదు, రాతపూర్వకంగా ఉండి సంతకం పడాలి. అందులో "కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటికీ" అని తప్పకుండా ఉండాలి. పైన సాలిగ్రామం సోదరికి గుర్తుచేయవద్దన్నానే, అయిదేళ్లు, దేశం వరకు అన్న లెక్క, అది ఇక్కడ మీ నెత్తిన పడుతుంది. ఒకే సెక్షన్, అమ్మేవారికి ఒకలా కొనేవారికి ఒకలా కనబడుతుంది. ఆమె పక్షాన ఒక మాట, మీ పక్షాన ఒక మాట చెబుతున్నానని అనుకోకండి, నా వృత్తే అది.

ఇదంతా బొమ్మ సంగతి. మీ వ్యాపార చిహ్నం సంగతి వేరు. తొమ్మిదేళ్లుగా ఆ చిలుకను చూసి పచ్చడి కొన్నది మీ దగ్గర. ఆ పేరు కుర్రాడు సంపాదించింది కాదు. ట్రేడ్‌మార్క్ నమోదు లేకపోయినా, ముందునుంచీ వాడుతున్నవాడికి చట్టం విలువిస్తుంది. తాంబరం ఆయన తరువాత మొదలుపెట్టారు కాబట్టి ఆయన్ను ఆపమని అడగవచ్చు. అందుకు ఆధారం కావాలి. మీ మొదటి బిల్లు పుస్తకం ఎక్కడుంది? పాత డబ్బా లేబుళ్లు, ఆహార లైసెన్సు, సంచులు అచ్చువేసిన ప్రెస్సు ఇచ్చిన రసీదు, చిలుక బొమ్మ కనబడే ప్రతి పాత కాగితమూ బయటికి తీయండి. నా కక్షిదారు ఒకాయన మొదటి బిల్లు పుస్తకాన్ని పెళ్లి ఆల్బమ్‌తో పాటు బీరువాలో పెట్టుకున్నాడు. కేసు గెలిచింది ఆ పుస్తకమే, నేను కాదు.

ఈలోపు గిండీలోని ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీలో దరఖాస్తు వేయండి, ఆన్‌లైన్‌లోనే అవుతుంది. వ్యక్తులకు, చిన్న వ్యాపారాలకు ఒక్కో తరగతికి, అంటే ఒక్కో రకం సరుకుకు, 4,500 రూపాయలు. పచ్చళ్లు 29వ తరగతి, పొడులు మసాలాలు 30వ తరగతి కాబట్టి మీకు 9,000 అవుతుంది. టిఫిన్ బల్లలు కూడా వేసి ఉంటే 43 కూడా కలపాలి. రిజిస్ట్రీవాళ్ల జర్నల్‌లో అచ్చయ్యాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల వ్యవధి ఉంటుంది. నమోదైతే పదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. ఆంధ్ర, తెలంగాణ వ్యాపారుల దరఖాస్తులు కూడా ఈ గిండీ ఆఫీసు కిందికే వస్తాయి కాబట్టి కావలిలో మీ తమ్ముడు కొట్టు పెట్టినా ఇక్కడికే రావాలి. డబ్బా మీద "నెల్లూరు" అన్న మాట మాత్రం మీ సొంతం చేసుకోలేరు. అది అందరి ఊరు.

ప్రశ్న: నా సినిమా కథను కవరులో పెట్టి సీలేసి నాకు నేనే రిజిస్టర్డ్ పోస్టు చేసుకున్నాను. విప్పలేదు. ఇక నా ఐడియా ఎవరూ కొట్టేయలేరు కదా? — వి.ఆర్., వడపళని

జవాబు: కొట్టేయగలరు. ఐడియాకు కాపీరైట్ లేదు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక హత్య, ఒక పాత ఫొటో అన్నంతవరకు అది ఎవరిదైనా కావచ్చు. దాన్ని మీరు రాసిన తీరుకు, సన్నివేశాల అల్లికకు, సంభాషణలకే రక్షణ. సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఈ గీత స్పష్టంగా గీసింది. ఆ కేసు వేసింది ఒక నాటక రచయిత, సినిమావాళ్ల మీద. ఓడిపోయాడు.

కాబట్టి కథను రెండు పేజీల్లో ముగించకుండా పూర్తి స్క్రీన్‌ప్లే రాయండి. ఎంత వివరంగా రాస్తే అంత మీది. రాయగానే కాపీరైట్ పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. అయినా 500 రూపాయలతో కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయించుకుంటే, రేపు తగాదా వస్తే తేదీ నిరూపించడం తేలిక. సీలేసిన కవరుకు అంత బలం లేదు. ఖాళీ కవరు అంటించకుండా పోస్టు చేసుకుని, తరువాత తీరిగ్గా కాగితాలు దూర్చవచ్చని అవతలి లాయరు అంటాడు. నేనైనా అంటాను. ఎవరికైనా కథ చెప్పి వచ్చిన సాయంత్రమే "ఈరోజు మీకు చెప్పిన కథ ఇదండీ" అని ఈమెయిల్ పెట్టండి. ఆ అలవాటు కవరు కంటే మేలు.

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చి పెరుంగుడిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. మూడేళ్లు చేస్తానని, మధ్యలో మానేస్తే 2 లక్షలు కడతానని బాండు రాశాను. ఒక సంవత్సరం పది నెలలకు రాజీనామా ఇచ్చాను. డిగ్రీ ఒరిజినల్ వాళ్ల దగ్గరుంది, ఇవ్వడం లేదు. ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదట. పైగా శని ఆదివారాల్లో నేను రాసుకున్న పంచాంగం యాప్ కూడా వాళ్లదేనంటున్నారు. అమ్మకు ఇంకా చెప్పలేదు. — ఒక ఇంజనీరు, పెరుంగుడి

జవాబు: ముందు అమ్మకు చెప్పేయ్ బాబూ. కంపెనీ నోటీసు గుంటూరు అడ్రసుకు వెళ్లిందంటే ఆవిడ కంగారుపడుతుంది.

పోటీ కంపెనీ సంగతి తేలిక. ఉద్యోగం వదిలాక ఫలానాచోట చేరకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. సుప్రీంకోర్టు 1980లో కృషన్ ముర్గాయ్ కేసులో కూడా ఇలాంటి షరతును అమలు చేయడానికి ఒప్పుకోలేదు. ఉద్యోగంలో ఉండగా పక్క కంపెనీకి పనిచేయకూడదనడం మాత్రం చెల్లుతుంది. కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగు. వెళ్తూ వెళ్తూ కోడ్ గానీ, క్లయింట్ల జాబితా గానీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోకు, సొంత మెయిల్‌కు పంపుకోకు. నీలాంటి కుర్రాళ్లు అంతవరకు తమదే న్యాయమైన కేసును ఆ ఒక్క రాత్రి పాడుచేసుకున్నారు, కళ్లారా చూశాను.

బాండు అంత తేలిక కాదు. బాండ్లన్నీ చిత్తుకాగితాలే అని స్నేహితులు చెబుతుంటారు, నమ్మకు. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి షరతునే, మూడేళ్లు, 2 లక్షలు, సమర్థించింది. కాకపోతే అది ప్రభుత్వ బ్యాంకు. మళ్లీ ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకోవడానికయ్యే ఖర్చు కోర్టు లెక్కలోకి తీసుకుంది. ప్రైవేటు కంపెనీ విషయంలో 74వ సెక్షన్ చూడాలి. బాండులో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అందులో సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. నీకు ఏ శిక్షణ ఇచ్చారు, ఎన్ని రోజులు, దానికి ఎంత ఖర్చయింది? రెండు వారాలు ప్రొజెక్టర్ ముందు కూర్చోబెట్టిందే శిక్షణ అయితే 2 లక్షలు అడగడం వాళ్లకు కష్టం. చేసిన ఇరవై రెండు నెలలూ లెక్కలోకి వస్తాయి. నా ఊహ, కొంత మొత్తం దగ్గర రాజీ కుదురుతుంది. ఏం మాట్లాడినా మెయిల్‌లోనే మాట్లాడు, హెచ్చార్ అమ్మాయితో ఫోన్లో ఒప్పుకోకు.

సర్టిఫికెట్ ఆపడానికి మాత్రం వాళ్లకు ఏ అధికారమూ లేదు. చదువు సర్టిఫికెట్ కుదువపెట్టుకునే సరుకు కాదని, కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ కింద దాన్ని అట్టిపెట్టుకోవడం కుదరదని మద్రాసు హైకోర్టు చెప్పింది. ఏడు రోజుల గడువిచ్చి రాతపూర్వకంగా అడుగు. రావలసిన జీతం కూడా అందులోనే అడుగు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. నలభై అయిదు రోజులు మా పాలసీ అని ఇంకా పాత పాటే పాడుతున్న కంపెనీలు మీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులున్న ఓఎంఆర్ రోడ్డు పొడవునా ఉన్నాయి.

మిగిలింది పంచాంగం. తిథి, వారం, నక్షత్రం ఎవరి సొత్తూ కావు, అవి ఆకాశానివి. కోడ్, బొమ్మలు, నువ్వు రాసిన మాటలు, వీటి గురించే తగువు. ఉద్యోగంలో భాగంగా చేసినదే యజమానిది అవుతుంది. బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీకి రాహుకాలం అలారంతో పనేమిటని అడగవచ్చు. కానీ నీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో "ఉద్యోగకాలంలో సృష్టించిన సమస్తమూ" అని ఉంటే చిక్కు ముదురుతుంది. ఆ పేరా పంపు, అక్షరం అక్షరం చూడాలి. ఇంకో సంగతి నీ ఉత్తరంలో లేదు. ఆ యాప్ ఏ ల్యాప్‌టాప్ మీద రాశావు, కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఏ మెయిల్‌తో పెట్టావు? సొంతవైతే రాసి పంపు. కంపెనీవైతే ఉత్తరంలో రాయకు, నేరుగా రా. సాయంత్రం అయిదున్నర దాటాక, జిరాక్సు కొట్టు పక్కనున్న మెట్లెక్కి.